కొల్లేటి దారిలో బహిరంగ ఆధారాల పరిశోధన

అందరికీ అందుబాటులో ఉన్న పత్రాలు, పటాలు, ఛాయాచిత్రాలు, ప్రసారాల నుంచి చట్టబద్ధంగా సమాచారం సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి నిజం తేల్చే పద్ధతికి ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్, పొట్టిగా ఓసింట్, అని పేరు. పరదేశాల రేడియో ప్రసారాలను వినడానికి బ్రిటన్ 1939లో, అమెరికా 1941లో ప్రత్యేక విభాగాలు నెలకొల్పడంతో అది వృత్తిగా స్థిరపడింది. 2014లో ఎలియట్ హిగ్గిన్స్ స్థాపించిన బెల్లింగ్‌క్యాట్ వంటి బృందాల వల్ల అది సామాన్య పౌరుల చేతికి వచ్చింది. తెలుగునాట ఈ విద్య ఎలా ఎదిగిందో పరిశీలించడానికి ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు సరస్సు ప్రాంతం కన్నా తగిన చోటు లేదు.

ఇక్కడ కొత్త అభ్యాసకుడు మొదట నేర్వవలసినది సాఫ్ట్‌వేర్ కాదు, జిల్లాల చరిత్ర. 19వ శతాబ్దిలో గోదావరి జిల్లాలో ఉన్న ఏలూరు 1904లో కృష్ణా జిల్లాకు మారి, 1925లో పశ్చిమ గోదావరికి కేంద్రమై, 2022 ఏప్రిల్ 4న తన పేరిటే ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమైంది. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. కొల్లేటి కైకలూరు వైపు మాత్రం 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. అందువల్ల ఆ వైపు గురించిన పాత పత్రాలను ఏలూరు జిల్లా పేరుతో వెదికితే చేతికి ఏమీ చిక్కదు, అవి కృష్ణా జిల్లా దస్త్రాలలో ఉంటాయి.

1972లో అమెరికా ప్రయోగించిన ల్యాండ్‌శాట్, 1988లో భారతదేశం ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహాలతో పరిశోధకులకు ఆకాశం నుంచి చూసే కన్ను దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001 నాటి ఐఆర్ఎస్-1డి చిత్రాన్ని విశ్లేషించి, సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువుల కిందకు పోయిందని 2004లో ప్రకటించారు. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీతను, అంటే స్థానికులు ఐదో కాంటూరు అనే దానిని, హద్దుగా చేసి 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. సుప్రీంకోర్టు ఆదేశాలపై 2006లో అక్కడి చెరువుల గట్లను తెంచారు. ఆ గట్ల వెనుక లంక గ్రామాల బతుకు ఉందన్న సంగతిని ఏ ఉపగ్రహ చిత్రమూ చెప్పదు, అది తెలియని పరిశోధన సగమే అవుతుంది.

ల్యాండ్‌శాట్ చిత్రాల భాండాగారం 2008లో ఉచితమైంది, 2009లో ఇస్రో పటాల పోర్టల్ భువన్ వచ్చింది, 2015 నుంచి 10 మీటర్ల వివరం చూపే సెంటినెల్-2 చిత్రాలు అందుతున్నాయి. చిత్రం దొరకడం తేలికైనా చదవడం తేలిక కాదు. దాళ్వా (రబీ వరి) నాట్ల వేళ నీరు పెట్టిన వరిమడి పైనుంచి చెరువులాగే కనబడుతుంది కనుక, వేర్వేరు నెలల చిత్రాలను పోల్చి ఆక్రమణ పెరిగిందని చెప్పడం పొరపాటు. తాడేపల్లిగూడెంలోని రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే వంటి తెలిసిన ఆనవాలుతో చూపు సరిచేసుకోవడం తొలి అభ్యాసానికి అనువైనది.

2005 నాటి సమాచార హక్కు చట్టం, 2015లో మొదలైన భూ రికార్డుల పోర్టల్ మీభూమి పత్రాలను మరింత దగ్గర చేశాయి. మీభూమిలో అడంగల్ (పొలం, పంట వివరాల పత్రం) చూసిన చోటే రైతు పేరూ కనబడుతుంది; పరిశోధనకు అవసరం లేని ఆ పేరును బయటపెట్టడం తప్పు. సేకరణ, భద్రత, వ్యక్తుల గోప్యతలపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి 2020లో బర్కిలీ ప్రోటోకాల్ వెలువరించాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలలు ఆ నియమాలను తెలుగులో బోధించి, విద్యార్థులను చిత్రం చేతబట్టి కొల్లేటి గట్ల మీదకు పంపాలి.