తణుకు సభలో నాలుగు గంటలు

రెండు పక్షములు ఒకరి మాట నొకరు వినుట మానిన తరువాత, ఆ వినికిడిని తిరిగి తెచ్చుకొనుట ఎట్లు? ఎన్నికల వేదికలమీదను, శాసనసభలలోను నేడు చెలరేగు పరుషవాక్యములను వినువారికి ఈ ప్రశ్న తోచక మానదు. సమాధానమునకై దూరదేశములకు పోనక్కరలేదు. గోదావరి మండలముననే ఒక తార్కాణ మున్నది.

రాజమహేంద్రవరమునకు వాగ్యుద్ధములు కొత్త కావు. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించిన వీరేశలింగము పంతులుగారికిని, ‘ఆంధ్రభాషాసంజీవని’ని నడపిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారికిని పత్రికాముఖమున ఘోరసమరము జరిగినది. వేంకటరత్నముగారు ‘హాస్యవర్ధని’ ప్రారంభింపగా, వీరేశలింగముగారు ‘హాస్యసంజీవని’తో బదులు చెప్పిరి. ఎదుటివాని పత్రిక పేరునే పరిహాసాస్త్రముగా మలచుకొనిరన్నమాట. అందు చమత్కారమున కేమి లోటు? కాని పరిహాసము నవ్వించును, ఒప్పించుట వేరు.

ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున తెలుగువారు భాషావిషయమై రెండుగా చీలిరి. విద్యార్థులు వ్రాయవలసినది గ్రాంథికమా, శిష్టుల వాడుకభాషయా? ఇది పండితుల కాలక్షేపము కాదు. పిల్లవాడు పరీక్షలో ఏ భాష వ్రాయవలెను, ఏ పుస్తకము పాఠ్య మగును అను ప్రశ్నలు దీనిపై ఆధారపడియుండెను. కోనసీమలోని ముక్తేశ్వరమునకు చెందిన జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికమునకు అండగా నిలిచిరి. 1911లో మద్రాసున వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షమునకు కోట. పర్లాకిమిడి నుండి గిడుగు రామమూర్తిపంతులుగారు ఎదురు నిలిచిరి.

ఈ వాదమున సౌమ్యతయే రాజ్యమేలెనని చెప్పరాదు. గిడుగువారి 1933 నాటి గ్రంథమునకు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ అని పేరు. అయినను మార్గము మూసికొనిపోలేదు. గ్రాంథికమున విస్తారముగ రచించిన వీరేశలింగముగారు 1919లో, తమ జీవితపు కడపటి యేట, వాడుకభాషావ్యాప్తికై రాజమహేంద్రవరమున ఏర్పడిన సమాజమునకు అధ్యక్షత వహించిరి. వాదము విని అభిప్రాయము మార్చుకొనుట ఓటమి కాదని అట్టి పెద్దలే చూపిరి.

అప్పటికి కాకినాడ కేంద్రముగానున్న పరిషత్తు 1924లో వ్యావహారికముపై నిషేధమును తొలగించెను. మరుసటి యేడు తణుకున జరిగిన పరిషత్సభలో గిడుగువారు నాలుగు గంటలసేపు ప్రసంగించిరి. అది వారి మిత్రుల సభ కాదు. వారి వాదమును చిరకాలము త్రోసిపుచ్చిన సంస్థ వేదిక. వారు ఎవరిని నిందించియు గెలువలేదు. గ్రాంథికవాదులు గౌరవించు గ్రంథములనుండియే ప్రయోగములు ఎత్తి చూపిరి. సభ వారి వాదమునకు అనుకూలించినది.

ఇందు రెండు ధర్మములు కానవచ్చుచున్నవి. ప్రతిపక్షికి మన వేదికపై తావిచ్చుట ఒకటి. ప్రతిపక్షి అంగీకరించు ప్రమాణములతోనే మాటలాడుట రెండవది. మొదటిది లేనిచో సభ భజనగోష్ఠి యగును. రెండవది లేనిచో అది కేకలపోటీ యగును. ఈ రెండును పాటించినంతమాత్రమున వివాదము సమసిపోవునని కాదు. పాఠ్యపుస్తకములలో వాడుకభాష పూర్తిగా కుదురుకొనుటకు తణుకు సభ తరువాత ఇంకను దశాబ్దములు పట్టినది. కాని పోరు మనుష్యుల నుండి విషయమునకు మరలినది.

తణుకు సభ అనగానే గిడుగువారి వాగ్ధాటిని కొనియాడుదుము, అది న్యాయమే. నాలుగు గంటలు కదలక కూర్చుండి, తమకు నచ్చని వాదమును తుదివరకు విన్నవారిని గూడ ఆ పక్కనే తలచుకొనవలెను. ప్రజాస్వామ్యమునకు వక్తల కొరత యెన్నడును లేదు.