భారీ నిర్మాణ యంత్రాల్లో ఇంజిన్ ఉష్ణోగ్రత: కొలత చరిత్ర, లోప నిర్ధారణ

ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లో ఎర్ర దీపం వెలిగి, ఇంజిన్ వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చిందనుకోండి. (మన ప్రాంతాల్లో ఈ యంత్రాన్ని ఏ సంస్థ తయారుచేసినా ‘ప్రొక్లెయిన్’ అనే అంటారు. అది పోక్లెయిన్ అనే ఫ్రెంచి సంస్థ పేరు.) ఇంజిన్ నిజంగానే వేడెక్కి ఉండవచ్చు. లేదా ఇంజిన్ బాగానే ఉండి, ఆ కబురు మోసుకొచ్చిన సెన్సరో తీగో పాడై ఉండవచ్చు. మొదటి సందర్భంలో యంత్రాన్ని ఆపకపోతే గాస్కెట్ కాలిపోతుంది, సిలిండర్ హెడ్ వంకరపోతుంది. రెండో సందర్భంలో పని అనవసరంగా ఆగిపోతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడవలసిన అవసరం ఎలా ఏర్పడిందో ఈ పాఠంలో తెలుసుకుందాం. యంత్రాలు మీకు కొత్త కావచ్చు గాని, ఒక సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న చరిత్ర విద్యార్థులకు కొత్తది కాదు.

తొలినాటి మోటారు వాహనాల్లో డ్రైవర్ కళ్లూ ముక్కూ చెవులే కొలత సాధనాలు. నీళ్లు మరుగుతున్న చప్పుడు, ఆవిరి, కాలిన నూనె వాసన చూసి బండి ఆపేవారు. 1910లలో అమెరికాలో బాయ్స్ మోటోమీటర్ అనే పరికరం వ్యాప్తిలోకి వచ్చింది. ఇది రేడియేటర్ మూత మీద బిగించే థర్మామీటర్. సీటులో కూర్చునే దాన్ని చూడవచ్చు. అయితే అది చెప్పేది నీటి పైనున్న ఆవిరి వేడిని. అంటే కొలిచే వస్తువుకూ కొలతకూ మధ్య కొంత దూరం అప్పుడే మొదలైంది.

ఆ దూరం తర్వాత పెరుగుతూ పోయింది. ఆవిరి పీడనం కొలవడానికి ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంట్ పొందిన వంపు గొట్టాన్ని ఉష్ణోగ్రత కొలవడానికి కూడా వాడసాగారు. సులభంగా ఆవిరయ్యే ద్రవం నింపిన చిన్న బుడ్డి ఇంజిన్ నీటిలో ఉంటుంది. దాని పీడనం సన్నని లోహపు గొట్టం గుండా డ్రైవర్ ముందున్న గేజ్‌కు చేరి ముల్లును కదుపుతుంది. ఆ గొట్టం పగిలితే పీడనం పోయి ముల్లు చల్లదనం వైపు పడిపోతుంది. ఇది గమనించదగ్గ మలుపని నా అభిప్రాయం: పరికరం పాడైతే అది శుభవార్తలాగా కనిపించసాగింది. ఇంజిన్ కాలిపోతున్నా గేజ్ మాత్రం అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది.

విద్యుత్ పద్ధతికి మూలం ఇంకా పాతది. వేడి పెరిగేకొద్దీ సిల్వర్ సల్ఫైడ్ విద్యున్నిరోధం తగ్గుతుందని మైకేల్ ఫారడే 1833లో గమనించాడు. ఆ గుణం ఆధారంగా పనిచేసే థర్మిస్టర్‌ను వాణిజ్యపరంగా ఉపయోగపడే రూపంలోకి శామ్యూల్ రూబెన్ 1930లో తెచ్చాడు. నేటి ఇంజిన్ సెన్సర్లలో అధిక భాగం ఈ జాతివే. చాలా రకాల్లో 20 డిగ్రీల వద్ద రెండు మూడు వేల ఓమ్‌లు ఉండే నిరోధం 100 డిగ్రీల దగ్గర రెండు వందల ఓమ్‌ల దరిదాపుకు పడిపోతుంది. కచ్చితమైన అంకెల కోసం ఆ యంత్రం సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికనే చూడాలి.

1980ల నుంచి డీజిల్ ఇంజిన్లలోకి కంప్యూటర్ వచ్చింది. అది వేడిని చూపి ఊరుకోదు, తానే చర్య తీసుకుంటుంది. ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది, కొన్ని యంత్రాల్లో ఇంజిన్‌ను ఆపేస్తుంది కూడా. కంప్యూటర్ సాధారణంగా 5 వోల్టుల విద్యుత్తును ఒక నిరోధకం ద్వారా సెన్సర్‌కు పంపి, సెన్సర్ దగ్గర ఎంత వోల్టేజ్ ఉందో చూస్తుంది. తీగ తెగితే వోల్టేజ్ 5 దగ్గరికి వెళ్లి విపరీతమైన చలిలా కనిపిస్తుంది. తీగ ఇంజిన్ బాడీకి తగిలితే వోల్టేజ్ సున్నాకు పడి విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. ఈ తేడాను భారీ వాహనాల జె 1939 ప్రమాణం సంకేతాల్లో చెబుతుంది. 110 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత. దాని పక్కన 3 ఉంటే వోల్టేజ్ ఎక్కువ, 4 ఉంటే తక్కువ, 0 ఉంటే ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరిగింది అని అర్థం.

పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఖర్చు లేనిది. రాత్రంతా ఆగి ఉన్న యంత్రంలో తెల్లవారుజామున ఇంజిన్ వేయకుండా తాళం మాత్రం తిప్పండి. కూలెంట్, లోపలికి వెళ్లే గాలి, ఇంధనం, హైడ్రాలిక్ నూనె, వీటిలో సెన్సర్ ఉన్నవన్నీ బయటి వాతావరణానికి దగ్గరగానే చూపాలి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో వేసవి ఉదయం అన్నీ ముప్పై డిగ్రీల దగ్గర ఉండి కూలెంట్ ఒక్కటే 60 చూపితే అనుమానం దేనిమీదో చెప్పనక్కరలేదు. తర్వాత సెన్సర్ కనెక్టర్ విప్పండి. సూచిక చలి చివరకు వెళ్లాలి, లేదా 3 సంకేతం రావాలి. మాన్యువల్ అనుమతిస్తే రెండు పిన్నులను చిన్న తీగతో కలపండి. అప్పుడు వేడి చివరకు వెళ్లాలి, లేదా 4 రావాలి. రెండూ సరిగా జరిగితే వైరింగ్, కంప్యూటర్ బాగున్నట్లే, లోపం సెన్సర్‌లో ఉండాలి. జరగకపోతే కొత్త సెన్సర్ కొనడం దండగ. తీగల వెంట వెతకాలి.

కంప్యూటర్‌కూ దొరకని లోపాలు కొన్ని ఉన్నాయి. యంత్రాన్ని నీటి ధారతో కడిగినప్పుడు కనెక్టర్‌లోకి తడి చేరి రెండు పిన్నులను కొద్దిగా కలిపితే, నిరోధం తగ్గి వేడి ఎక్కువగా కనిపిస్తుంది. పిన్నుకు చిలుము పడితే నిరోధం పెరిగి వేడి తక్కువగా కనిపిస్తుంది. అంకె నమ్మదగిన హద్దుల్లోనే ఉంటుంది కాబట్టి 3, 4 సంకేతాలు రావు. ఇంకో ప్రమాదం పైపు పగిలి కూలెంట్ కారిపోవడం. సెన్సర్ ద్రవంలో మునగకుండా మిగిలిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా వేడి తక్కువగా చూపవచ్చు.

ఈ సంకేతాలు ఎన్నో గంటలో వచ్చాయో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. ఇంజిన్ పాడైనప్పుడు ‘హెచ్చరిక వచ్చినా ఎందుకు ఆపలేదు?’ అని డ్రైవర్‌ను నిలదీసేది ఆ నమోదు చూపే. అక్కడ మీరు ఉంటే, నమోదైంది సెన్సర్ పంపిన వోల్టేజ్ మాత్రమేనని గుర్తుంచుకోండి. 0 సంకేతానికి ముందు రోజుల్లో 3 గాని 4 గాని వచ్చిపోతూ ఉన్నాయా? కనెక్టర్‌లో తడి ఉందా? కూలెంట్ ఎగజిమ్మిన మరకలు ఉన్నాయా? గాస్కెట్ నిజంగా కాలిందా? తప్పుడు హెచ్చరిక వస్తోందని డ్రైవర్ అంతకు ముందే ఎవరికైనా చెప్పాడా? వీటిలో మొదటిదానికే కంప్యూటర్ జవాబిస్తుంది. మిగతావాటి కోసం యంత్రం దగ్గరికి వెళ్లి చూడాలి, డ్రైవర్‌ను కూర్చోబెట్టి అడగాలి.