ఛాయాపటమున సహజభావము

మన యిండ్ల గోడలపైనున్న పూర్వుల ఛాయాపటములను చూడుడు. తాతగారు కుర్చీలో నిటారుగా గూర్చుండి, చేతులు మోకాళ్లపై మోపి, రెప్ప వేయక చూచుచుందురు. మనుమలను ఒడిలో నుంచుకొని కథలు చెప్పిన ఆ ముఖపు కళ యందు కానరాదు. పెక్కు కుటుంబములకు మిగిలినది ఆ యొక్క పటమే.

ఈ బిగువునకు మూలము నాటి యంత్రము. 1839లో ఫ్రాన్సు దేశీయుడగు డాగెర్ తన విధానమును లోకమునకు వెల్లడించినపుడు ఒక్కొక్క పటమునకు నిమిషములు పట్టుచుండెను. కదలిన ముఖము చెదరిపోవును గనుక స్టూడియోలలో తల వెనుక ఇనుప ఊత నిలిపెడివారు. అంతసేపు నవ్వు నిలుపుట యెవరి తరము? 1871లో ఇంగ్లండున మాడక్స్ పొడిపలకల పద్ధతిని ప్రకటించిన పిమ్మట, ఆ కాలము క్రమముగా క్షణములోనికి తగ్గెను. 1925లో చేతిలో నిముడు లైకా కెమెరా జర్మనీలో అమ్మకమునకు వచ్చెను. యంత్రపు నిర్బంధము తొలగినది గాని, దానిని చూడగనే బిగుసుకొను అలవాటు మనలను వీడలేదు.

చేయి యెత్తుమనిన నెత్తవచ్చును. కన్నీరు, పులకరింత, గద్గదస్వరము మొదలగు సాత్త్వికభావములన్ననో, ఏకాగ్రమైన మనస్సునుండి పుట్టవలెనని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. నవ్వుమన్నంతనే పెదవులు విచ్చుకొనును; కన్నులు వెలుగవు.

ఈ మర్మమును కుంచెతో చూపినవాడు మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు. ఆయన 1897లో జన్మించి, ఇచ్చటి కళాశాల ప్రిన్సిపాలగు కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో విద్య నేర్చెను. లైకా వచ్చిన 1925లోనే, 28 ఏండ్లు నిండకయే, మశూచికమునకు బలియయ్యెను. ఆయన ‘నందిపూజ’లో స్త్రీలు పూజయందును, ‘పుష్పాలంకారము’లో పువ్వుల ముడుపునందును లీనమై యుందురు, మనము చూచుచున్నామను ఎరుకయే వారికి లేనట్లుండును. మనస్సు పనిలో మునిగినపుడే ముఖము తన నిజము చూపునని ఆయన చిత్రములు చెప్పకయే చెప్పుచున్నవి.

నేడు ఇంటింట చేతి ఫోనులోనే కెమెరా కలదు. మీ మనుమడు పటము తీయవచ్చినపుడు కండువా సవరించుకొని కూర్చుండకుడు. కొబ్బరితోటలో కాయలు లెక్కించునపుడో, అరుగుపై భారతము చదువునపుడో, పసిదానికి ముద్ద పెట్టునపుడో తీయుమనుడు. రేపు ఆ పటము గోడ నెక్కును. అందు బిడ్డలు మిమ్ము పోల్చుకొనవలెను గదా!