పెట్రోలు కింద పాత బాకీ

కొన్నేళ్ళ క్రితం ఓ మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడో గ్యాస్ స్టేషన్ అమ్మకానికొచ్చింది, నలుగురం కలిసి కొనేద్దాం" అన్నాడు. అమ్మకాలెంత, హైవేకి ఎంత దూరం, లాటరీ టికెట్ల మీద ఎంతొస్తుంది, అన్నీ ఎక్సెల్ షీట్లో వేసేశాం. లాయరు మాత్రం ఒక్కటే అడిగాడు: "కింద ట్యాంకులు ఎప్పటివి?" మా షీట్లో ఆ కాలమ్ లేదు! స్టేషన్ కొనలేదు గానీ, ఆ ప్రశ్న పట్టుకుని నేను చదివిన చరిత్ర ఇది.

అమెరికాలో 1950, 60ల్లో కార్లు పెరిగే కొద్దీ ఊరూరా గ్యాస్ స్టేషన్లు వెలిశాయి. నిప్పు భయం కొద్దీ ట్యాంకుల్ని భూమిలో పాతేవారు. అవి చాలావరకు ఏ రక్షణా లేని ఉక్కు ట్యాంకులు. తడి మట్టిలో ఉక్కు తుప్పు పట్టక మానదు కదా. గుండుసూది మొనంత చిల్లు పడినా ఏళ్ళ తరబడి కారుతుంది, పైన ఎవరికీ తెలీదు. మన భాషలో చెప్పాలంటే మెమరీ లీక్. సర్వర్ కూలేదాకా మానిటర్ చేసే నాథుడుండడు.

నీటికన్నా తేలిక కాబట్టి పెట్రోలు భూగర్భజలం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ వగైరాలు మెల్లగా నీళ్ళలో కరుగుతాయి. బెంజీన్ క్యాన్సర్ కారకం. ఆ దేశంలో సగం జనాభా దాకా తాగేది భూగర్భజలమే.

1980ల మొదట్లో బావులు కంపు కొట్టడం మొదలయ్యాక గానీ ప్రభుత్వం కదల్లేదు. 1984లో కాంగ్రెస్ చట్టం చేసింది. అప్పటికి లెక్కకొచ్చిన ట్యాంకులు 20 లక్షల పైచిలుకు. మరి డబ్బెవరిస్తారు? ట్యాంకు యజమానే పెట్టుకోవాలి. అతను దొరక్కపోతేనో, చేతులెత్తేస్తేనో ఎలాగని 1986లో గాలన్‌కి 0.1 సెంటు పన్నుతో ఒక నిధి పెట్టారు. 1988లో నిబంధనలొచ్చాయి: పదేళ్ళు గడువు, 1998 డిసెంబరు 22 లోపు పాత ట్యాంకులు బాగుచేయండి, లేదా మార్చండి, లేదా మూసేయండి.

ఇక శుభ్రం చేయడం. మొదట్లో మట్టి తవ్వి పారబోశారు, నీళ్ళు తోడి శుద్ధి చేశారు. మట్టి రేణువులకి అంటుకున్న పెట్రోలు మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి తోడినా పని తెమలదు. తర్వాత మట్టిలోంచి ఆవిర్లు పీల్చే పద్ధతి, నీటి అడుగున గాలి ఊదే పద్ధతి వచ్చాయి. ఈలోగా తెలిసిందేమిటంటే మట్టిలోని బ్యాక్టీరియా బెంజీన్‌ని తినేస్తుందని. 1995లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల కాలిఫోర్నియా కేసులు వందల కొద్దీ చూసి, ఈ కాలుష్యం చాలాచోట్ల కొద్ది దూరం వెళ్ళి ఆగిపోతోందని తేల్చింది. కారడం ఆపి, దగ్గర్లో తాగునీటి బావుల్లేని చోట ప్రకృతికి వదిలేయొచ్చంది. ఖర్చు పెట్టేవాళ్ళందరూ హమ్మయ్య అనుకున్నారు.

సరిగ్గా అదే ఏడాది శాంటా మోనికా ఊరి బావుల్లో ఎమ్‌టీబీఈ బయటపడింది. సీసానికి బదులుగా 1979 నుంచీ పెట్రోల్లో కలుపుతున్న రసాయనం ఇది. పెట్రోల్లో ఆక్సిజన్ ఉండాలని 1990 వాయుశుద్ధి చట్టం చెప్పాక దీని వాడకం విపరీతంగా పెరిగింది. చట్టం ఈ రసాయనమే వాడమనలేదు, కంపెనీలు ఎంచుకున్నాయి. ఇది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అంటదు, బ్యాక్టీరియాకి ఓ పట్టాన లొంగదు. కొద్దిగా కలిసినా నీళ్ళు టర్పెంటైన్ వాసన కొడతాయి. 1996లో బావులు మూసేశారు, ఊరి నీళ్ళలో దాదాపు సగం పోయాయి. గాలి బాగుచేద్దామని వేసిన ప్యాచ్ నీళ్ళని చెడగొట్టింది. మనకిది కొత్తా!

ఆయిల్ కంపెనీలతో రాజీ 2003లో కుదిరింది. కాలిఫోర్నియా ఆ ఏడాది చివరికి ఎమ్‌టీబీఈని వదిలించుకుంది. దేశం మొత్తమ్మీద ఆక్సిజన్ నిబంధనని 2005 చట్టం ఎత్తేసింది. శాంటా మోనికా బావుల నీళ్ళు శుద్ధయి మళ్ళీ కుళాయిల్లోకి వచ్చేసరికి 2010 చివరైంది.

మొత్తం అమెరికాలో ఇప్పటిదాకా బయటపడ్డ లీకులు ఐదున్నర లక్షల పైనే. ఐదు లక్షలకు పైగా శుభ్రం చేశారు. ఇదేమీ చిన్న విజయం కాదు, ప్రభుత్వాలేం చెయ్యలేవని తేలిగ్గా అనేసే నాబోటివాళ్ళు ఒప్పుకోవాల్సిన లెక్క. కానీ చిల్లు పడిన ట్యాంకు మార్చడానికి పట్టేది రోజులు, కారింది తీయడానికి పట్టేది దశాబ్దాలు. ట్యాంకు పాతినప్పుడు కాస్త మంచి ఉక్కు కొనకుండా మిగుల్చుకున్న డబ్బులకి వడ్డీ మరి.

గ్యాస్ స్టేషన్ కొనే ఆలోచనలో ఉన్న మిత్రులారా, మీ ఎక్సెల్ షీట్లో ఇంకో కాలమ్ కలుపుకోండి. సంతకం పెట్టేముందు మట్టీ నీళ్ళూ పరీక్ష చేయించండి. ఆ కాస్త ఖర్చుకి వెనకాడితే, పాతికేళ్ళ కిందట ఎవరో చేసిన బాకీ మీ పేరుకి మారొచ్చు.