గుండె వేగానికి వయసు లెక్క.. అందరికీ ఒకేలా సరిపోదు!

అమలాపురం షట్లర్‌ సాత్విక్‌ సాయిరాజ్‌ 2022లో థామస్‌ కప్‌ గెలిచిన భారత జట్టులో ఉన్నప్పుడు వయసు 21. 220లోంచి వయసు తీసేసే పాత లెక్కలో గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 199. వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేసే 2001 నాటి టనాకా సూత్రంలో 193. కాలువ గట్టు మీద వాకింగ్‌ చేసే 60 ఏళ్ల పెద్దాయనకైతే 160, 166. అయితే ఇవి సగటులే. ఒకే ఈడువాళ్లలోనూ పదేసి తేడా మామూలే. ప్రాక్టీస్‌తో ఈ గరిష్ఠం పెద్దగా పెరగదు. బీపీకి బీటా బ్లాకర్‌ మాత్రలు వేసుకునేవాళ్ల గుండె అంత వేగం అందుకోదు, వాళ్లు వాచీలో అంకెను నమ్ముకోవద్దు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి డాక్టర్‌ను కలవాలి. ఇక కోనసీమ ఉక్కపోతలో అదే నడకకు గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకుంటుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామునే నయం.