మూడూ నాలుగూ కలుపు

మా ఇంట్లో బంగారం బ్యాంకు లాకర్లో ఉంటుంది, పాత కాలిక్యులేటర్లు బీరువాలో ఉంటాయి. "పనిచెయ్యని వాటికి బీరువా ఎందుకండీ?" అని మా ఆవిడ షార్జా వచ్చిన నాటినుంచీ అడుగుతూనే ఉంది. ఈ వ్యాసం ఆవిడకి నా సంజాయిషీ అనుకోండి.

నేను ఇంటర్మీడియట్లో క్లార్క్స్ టేబుల్స్ తిరగేసినవాణ్ణి. నాకంటే ముందు తరం ఇంజనీర్లు స్లైడ్ రూల్ జరిపినవాళ్ళు. ఆ స్లైడ్ రూలుకి నూకలు చెల్లింది 1972 ఫిబ్రవరి 1న. హ్యూలెట్ పెకార్డ్ కంపెనీ ఆ రోజు హెచ్‌పీ-35ని విడుదల చేసింది. ఈ ఎమిరేట్స్ దేశం ఏర్పడింది 1971 డిసెంబరు 2న, అంటే దేశం కంటే యంత్రం రెండు నెలలు చిన్నది! తమ బల్లమీది యంత్రాన్ని చొక్కా జేబులో పట్టేలా చెయ్యాలని బిల్ హ్యూలెట్ పట్టుబట్టి చేయించారు. 35 మీటలు, ధర 395 డాలర్లు.

దీనిలో "సమానం" గుర్తు ఉండదు. 3 నొక్కి, ఎంటర్ కొట్టి, 4 నొక్కి, కూడిక నొక్కాలి. యాన్ లుకాసియేవిచ్ అనే పోలండ్ తర్కశాస్త్రవేత్త పద్ధతిని తిరగేస్తే వచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లీషువాళ్ళకి తికమకగానీ మనకేం కష్టం? మనం "మూడూ నాలుగూ కలుపు" అనేగా అంటాం, క్రియ చివరే కదా!

మొదట్లో అమ్మిన హెచ్‌పీ-35లలో ఒక తప్పు ఉండేది. 2.02కి సహజ లాగరిథమ్ తీసి, మళ్ళీ వెనక్కి తిప్పితే 2 వచ్చేది. అప్పటికే 25,000 దాకా అమ్ముడయ్యాయి. మార్చి ఇస్తామని కంపెనీ కొన్నవాళ్ళకి చెప్పినా చాలామంది తమది వదులుకోలేదు. నా దగ్గరున్నది 2.02 అనే చెప్పింది. నిజం చెప్పొద్దూ, కాస్త నిరుత్సాహపడ్డాను.

సేకరణకర్తలు చేసే ఇంకో పరీక్ష ఉంది. డిగ్రీలలో 9కి సైన్, దానికి కాస్, దానికి టాన్ తీసి, అదే దారిలో వెనక్కి రావాలి. 9 రావాలి కదా, పాతవాటిలో రాదు. మధ్యలో కాస్ విలువ 0.99999627 దగ్గరుంటుంది. పది అంకెల యంత్రంలో ఐదు స్థానాలు ఆ తొమ్మిదులకే ఖర్చైపోతే అసలు సమాచారానికి మిగిలేది సగమే. చిప్పు మారితే తప్పు మారుతుంది, అందుకని ఈ తప్పే యంత్రానికి వేలిముద్ర.

ఇక అసలు సంగతి. 1976లో కాకినాడ నుంచి దుబాయికి సర్వేయరుగా వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర హెచ్‌పీ-25 ఉండేది. 1975లో వచ్చిన మోడల్, 195 డాలర్లు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు తెలుసు. కోణమూ దూరమూ ఇస్తే తూర్పుకెంత, ఉత్తరానికెంత అని చెప్పేది. 49 మెట్ల ప్రోగ్రాం కూడా రాసుకోవచ్చు, కానీ ఆర్పితే అంతా మరిచిపోయేది. అందుకని ఆయన రోజూ పొద్దున్నే జీపు నీడలో కూర్చుని, నోటుబుక్కు చూసుకుంటూ ఆ మెట్లన్నీ మళ్ళీ నొక్కేవారట. పక్కన తెలుగులో "ఇక్కడ కోణం", "ఇక్కడ దూరం" అని రాసుకున్నారు.

1999లో ఇంటికి వెళ్ళిపోతూ రెండూ నా చేతిలో పెట్టారు. "నీకు పిచ్చి కదా అబ్బాయ్, ఉంచుకో" అన్నారు. బ్యాటరీ కారి ఉంది. వెనిగర్‌తో తుడిచి, బ్యాటరీ పెట్టకుండానే చార్జరు తగిలించాను. ఎర్రగా ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఈ మోడల్లో చార్జరు వోల్టేజిని అదుపులో పెట్టేది బ్యాటరీయే, అది లేకపోతే చిప్పులు మాడిపోతాయి. ఆ సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇరవై మూడేళ్ళు ఎండలో పనిచేసినదాన్ని ఏసీ గదిలో ఒక్క నిమిషంలో చంపాను.

రెండేళ్ళు ఆయనకి చెప్పలేకపోయాను. చెప్పాక, "నోటుబుక్కు ఉందా?" అని మాత్రం అడిగారు.

చాలా ఏళ్ళకి జబీల్ పార్కు పాతసామాన్ల సంతలో ఇంకో హెచ్‌పీ-25 దొరికింది. కొత్త సెల్స్ వేసి, 49 మెట్లూ నొక్కి, నోటుబుక్కులోని ఒక ట్రావర్స్ లెక్క ఇచ్చాను. తేడా వచ్చింది. చూస్తే 31వ మెట్టు నేనే తప్పు నొక్కాను. రెండోసారి ఆయన రాసుకున్న అంకెలే వచ్చాయి. వెంటనే కాకినాడకి ఫోన్ చేశాను.

"ఆర్పేశావా?" అన్నారు.

లేదన్నాను.