విద్యార్థులు కట్టిన ఇళ్లు

ఆర్కిటెక్చర్ విద్యార్థి పని గీయడమే, గోడ లేపడం మేస్త్రి పని అని కాలేజీలు చాలాకాలం అనుకున్నాయి. అమెరికాలో ఈ విభజనను ప్రశ్నించిన తొలి ప్రయత్నాల్లో యేల్ విశ్వవిద్యాలయానిది ముఖ్యమైనది. 1967లో ఆర్కిటెక్ట్ చార్ల్స్ మూర్ చొరవతో అక్కడి విద్యార్థులు కెంటకీ రాష్ట్రంలోని న్యూ జయన్‌కు వెళ్లి ఊరికి ఉమ్మడి భవనం కట్టారు. 1989 నుంచి ఆ కార్యక్రమం న్యూ హేవెన్‌లో పేద కుటుంబాల ఇళ్ల వైపు మళ్లింది.

అసలు కథ అలబామాలోది. 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ ఆబర్న్ విశ్వవిద్యాలయం తరఫున రూరల్ స్టూడియో ప్రారంభించారు. వాళ్లు ఎంచుకున్న హేల్ కౌంటీ ఒకప్పుడు బానిసల చెమటతో పత్తి పండిన నేల. ఆ తర్వాతి తరాలు ఎన్నో కారే కప్పుల కిందే బతికాయి. విద్యార్థులు అక్కడే కాపురం పెట్టి, ఇంటివాళ్లతో మాట్లాడి, ఇళ్లు తామే కట్టారు.

1994లో పూర్తయిన గడ్డిమోపుల ఇంటిని కాస్త దగ్గరగా చూడాలి. ఎండుగడ్డి మోపులను ప్లాస్టిక్‌లో చుట్టి ఇటుకల్లా పేర్చి, పైన సిమెంటు పూత పూశారు. అంత మందపాటి గోడ ఎండనూ చలినీ ఆపుతుంది. ఖర్చు కొంచెం, పనితనం ఎక్కువ. ముందువైపు పెద్ద వసారా, దానిమీద వెలుతురు దిగే కప్పు. అక్కడ పగలంతా గడిచేది వసారాలోనే కాబట్టి నాకు ఆ ఇంట్లో గోడలకన్నా వసారానే గొప్పగా కనిపిస్తుంది.

మాక్‌బీ 2001 చివర్లో కన్నుమూశారు. అప్పటికి ఆ ఇళ్లు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. కానీ ఒక్కో ఇల్లు ఒక్కో అద్భుతం. ఏదీ రెండోసారి కట్టేది కాదు. ఊళ్లో మిగిలినవాళ్ల సంగతేమిటి?

ఇలాంటి చిక్కే మరో ప్రయత్నానికీ ఎదురైంది. 2002లో అమెరికా ఇంధన శాఖ సోలార్ డెకాథ్లాన్ పోటీ పెట్టింది. వాషింగ్టన్ నడిబొడ్డున విద్యార్థి బృందాలు సూర్యరశ్మితో నడిచే ఇళ్లు నిలబెట్టాయి. సాంకేతికంగా గొప్పవే అయినా సామాన్యుడు కొనలేనివి. ఆ లోపాన్ని నిర్వాహకులు గుర్తించి 2011లో ఖర్చుకూ మార్కులు పెట్టారు. ఆ ఏడాది పార్సన్స్, స్టీవెన్స్ విద్యాసంస్థల విద్యార్థుల ‘ఎంపవర్‌హౌస్’ ప్రదర్శన ముగిశాక వాషింగ్టన్‌లోనే డీన్‌వుడ్ పేటలో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా రెండు కుటుంబాలకు ఇల్లుగా మారింది. 2014లో వెర్సాయ్‌లో జరిగిన యూరప్ పోటీకి ఐఐటీ బాంబే విద్యార్థుల బృందం ‘శూన్య’ మన దేశం నుంచి వెళ్లింది.

ఈలోగా ఆండ్రూ ఫ్రియర్ నాయకత్వంలో రూరల్ స్టూడియో లెక్కను తిరగేసింది. 2005లో మొదలైన 20కె ఇళ్ల పథకం అప్పు లెక్క నుంచి పుట్టింది: సోషల్ సెక్యూరిటీ పింఛను మీద బతికే మనిషి నెలనెలా ఎంత కట్టగలరు? ఆ కిస్తీ సుమారు 20,000 డాలర్ల ఇంటికి సరిపోతుందని తేలింది. అందులో 12,000 సామానుకు, మిగిలింది కూలికీ కాంట్రాక్టరు లాభానికీ. కాంట్రాక్టరుకు లాభం లెక్కగట్టడమే ఇందులో తెలివైన పని. విద్యార్థుల ఉచిత శ్రమ మీద నిలిచే ఇల్లు ఎన్ని ఊళ్లకు సరిపోతుంది? ఇక 20కె ఇల్లు చూస్తే, నేలకు ఎత్తుగా దిమ్మెల మీద నిలబెట్టిన గది, ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, లోతైన వసారా, పైన రేకు. గాలి ఆడే పాత అమెరికా దక్షిణాది ఇంటి పద్ధతే.

అయితే ధర తగ్గితే చాలదని వాళ్లకు త్వరలోనే బోధపడింది. అంత చిన్న మొత్తానికి అప్పివ్వడానికి బ్యాంకులు ఆసక్తి చూపవు. కట్టుబడి నియమాలు చిన్న ఇళ్లను ఊహించి రాసినవి కావు. అన్నిటికీ మించి, ఇల్లు చవగ్గా వచ్చినా కరెంటు బిల్లు కిస్తీతో పోటీపడితే మళ్లీ అప్పే గతి. అందుకే రూరల్ స్టూడియో తర్వాత తెచ్చిన ఫ్రంట్ పోర్చ్ కార్యక్రమం కట్టడానికయ్యే ఖర్చుతో పాటు అందులో బతకడానికయ్యే ఖర్చునూ లెక్కలోకి తీసుకుంది. ఆబర్న్ పక్కనున్న ఒపలైకాలో ఒకే నమూనాతో రెండు ఇళ్లు కట్టి, ఒకదానికి ఇంధన వాడకాన్ని బాగా తగ్గించే పాసివ్ హౌస్ ప్రమాణాన్నీ రెండోదానికి ఇంధన శాఖ జీరో ఎనర్జీ రెడీ ప్రమాణాన్నీ పాటించారు. గోడలో అదనంగా పెట్టిన ప్రతి డాలరూ బిల్లులో ఎంత మిగులుస్తుందో చూడటమే ఉద్దేశం. ఆ లెక్కలు ఇప్పుడు అప్పిచ్చేవాళ్ల ముందుకు, ఇతర రాష్ట్రాల గృహనిర్మాణ సంస్థల ముందుకు వెళ్తున్నాయి.